అధ్యాయం 9: ముందు కిలోమీటర్లు, ఆ తర్వాతే ఇంధనం

మన రాష్ట్రంలో బడి బస్సుల ఫిట్‌నెస్ గడువు ఏటా మే 15తో ముగుస్తుంది. జూన్ 12న బడులు తెరిచేలోగా ప్రతి బస్సునూ రవాణా శాఖ వారికి చూపించి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. సరిగ్గా ఈ నాలుగు వారాల్లోనే కరస్పాండెంట్ బల్ల మీద కొటేషన్లు పోగుపడతాయి. ఒకరు సీఎన్‌జీ బస్సు తీసుకోమంటారు. ఇంకొకరు ఇక అంతా కరెంటు బస్సులదే అంటారు. డీజిలే నమ్మకం, మిగతావన్నీ మోజు అని పాత మెకానిక్ తేల్చేస్తాడు. ముగ్గురి మాటల్లోనూ కొంత నిజం ఉంటుంది. అయితే మీ బస్సు రోజుకు ఎంత తిరుగుతుందో ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

ఈ పుస్తకంలో ఇంతవరకూ నిర్ణయాలు తీసుకోవడం గురించి మాట్లాడుకున్నాం. ఈ అధ్యాయంలో ఒక్క నిర్ణయాన్నే పట్టుకుని చివరిదాకా నడుద్దాం. కోనసీమలో, ఆత్రేయపురం మండలం వాడపల్లి చుట్టుపక్కల ఒక బడి ఉందనుకోండి. మూడు బస్సులున్నాయి. వాటిలో ఒకదానికి వయసు మీరింది. దాని స్థానంలో ఏ ఇంధనంతో నడిచే బస్సు కొనాలి?

నేను చెప్పదలచింది ఒక్కటే. ఇంధనాన్ని లీటరు ధర చూసి ఎంచుకోకూడదు. పక్క బడి వాళ్లు కొన్నారనీ ఎంచుకోకూడదు. బస్సు తిరిగే కిలోమీటర్లు, అది రాత్రి నిలిచే చోటు, ఇంధనం దొరికే చోటు, ఈ మూడింటినీ చూసి ఎంచుకోవాలి. ఈ మూడూ కాగితం మీద పెట్టేవరకూ ఏ కొటేషన్ మీదా సంతకం చేయకండి.

మొదటి మెట్టు: బస్సు దినచర్య రాయండి

ఒక నోటుపుస్తకం తీసుకుని డ్రైవరు చేతికివ్వండి. రెండు వారాల పాటు రోజూ అయిదు సంగతులు రాయమనండి: పొద్దున బయలుదేరినప్పటి మీటరు రీడింగు, రాత్రి నిలిపినప్పటి రీడింగు, ఎక్కిన పిల్లల సంఖ్య, పోయించిన డీజిలు, ఇంజను ఆపకుండా బండి నిలబడ్డ నిమిషాలు.

చివరిది రాయడానికి డ్రైవర్లు మొహమాటపడతారు. తిట్టడానికి కాదనీ, లెక్క కోసమేననీ ముందే చెప్పండి. "శనివారం లొల్ల దాటాక బండి కదల్లేదండీ, ఇరవై నిమిషాలు ఆగిపోయామండీ ఆయ్" అని అతను చెబితే కోప్పడకుండా రాసుకోండి. వాడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి ఏడు శనివారాల మొక్కుతో వచ్చే భక్తుల రద్దీ ఎలా ఉంటుందో ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ రోజు మీ బస్సు వేరే బస్సు అవుతుంది. మామూలు రోజు మైలేజీ వేరు, శనివారం మైలేజీ వేరు. రెండూ విడివిడిగా తెలిస్తేనే లెక్క నిలుస్తుంది.

దినచర్య రాశాక రూటు పటం కూడా గీయండి. కాలువ గట్టు మీద నడిచే రోడ్డు ఎంత దూరం? గట్టు అంచు జారే చోట్లు ఎక్కడ? ఏ తూము మీద బరువు బండి వెళ్లకూడదు? బొబ్బర్లంక నుంచి లొల్ల లాకుల దాకా వచ్చే ప్రధాన కాలువ పక్కన బస్సు నడిపినవారికి ఈ ప్రశ్నల విలువ తెలుసు. సీఎన్‌జీ సిలిండర్లూ, బ్యాటరీలూ బస్సు బరువు పెంచుతాయి. నగరం రోడ్ల కోసం నేలకు దగ్గరగా కట్టిన కరెంటు బస్సు మన ఊళ్ల స్పీడ్‌బ్రేకర్ల మీద అడుగు తగిలించుకుంటుంది. రూటు చూడకుండా షోరూంలో కొన్న బస్సు, మొదటి వర్షాకాలంలోనే యజమానికి పాఠం చెబుతుంది.

రెండో మెట్టు: డబ్బు లెక్క

ఇప్పుడు అసలు పని. మన మూడు బస్సులూ రోజుకు 40, 70, 130 కిలోమీటర్లు తిరుగుతాయనుకుందాం. ఏడాదికి బడి నడిచే రోజులు 220. డీజిలు లీటరు 97 రూపాయలు, మైలేజీ 6 కిలోమీటర్లు. సీఎన్‌జీ కిలో 90 రూపాయలు, మైలేజీ కిలోకు 7 కిలోమీటర్లు. కరెంటు బస్సుకు కిలోమీటరుకు ఒక యూనిట్, యూనిట్ 8 రూపాయలు. ఇవన్నీ లెక్క కోసం అనుకున్న అంకెలు. మీ ఊళ్లో ఈ రోజు ధరలూ, మీ నోటుపుస్తకంలోని మైలేజీ వేసి మళ్లీ చేసుకోండి.

ఈ లెక్కన డీజిలుకు కిలోమీటరుకు రూ.16.17, సీఎన్‌జీకి రూ.12.86, కరెంటుకు రూ.8 అవుతుంది. ఇక్కడ ఆగిపోతే ఎవరైనా కరెంటు బస్సే కొంటారు. అమ్మేవారు కూడా ఇక్కడే ఆగుతారు. మనం ఇంకొంచెం ముందుకు వెళ్దాం.

సీఎన్‌జీ వల్ల ఏటా మిగిలేది 40 కిలోమీటర్ల బస్సుకు దాదాపు 29 వేలు, 70 కిలోమీటర్ల బస్సుకు 51 వేలు, 130 కిలోమీటర్ల బస్సుకు 95 వేలు. డీజిలు బస్సు కంటే సీఎన్‌జీ బస్సు 4 లక్షలు ఎక్కువ అనుకుంటే, ఆ సొమ్ము తిరిగి రావడానికి మొదటి బస్సుకు దాదాపు 14 ఏళ్లు, రెండోదానికి 8 ఏళ్లు, మూడోదానికి నాలుగేళ్లు పడుతుంది.

కరెంటు బస్సు వల్ల మిగిలేది ఇంకా ఎక్కువ: 72 వేలు, లక్షా 26 వేలు, రెండు లక్షల 34 వేలు. అయితే ధరలో తేడా 50 లక్షలు అనుకుంటే, మూడో బస్సుకే 21 ఏళ్లు పడుతుంది. పదిహేనేళ్లు దాటిన బస్సును బడి పిల్లల కోసం మన రాష్ట్రంలో తిప్పనివ్వరు. అంటే పెట్టుబడి తిరిగి రాకముందే బస్సుకు కాలం చెల్లుతుంది. ఇంజను ఆయిలు, ఫిల్టర్లు, క్లచ్ ఖర్చు లేకపోవడం వల్ల ఇంకొంత మిగులుతుంది కానీ, అది 21 ఏళ్లను పదేళ్లకు తీసుకురాదు.

దీన్ని తిరగేసి కూడా చూడవచ్చు. పదేళ్లలో సొమ్ము రాబట్టాలంటే, కరెంటు బస్సుకు మీరు ఎంత ఎక్కువ పెట్టవచ్చు? 130 కిలోమీటర్ల బస్సుకు 23 లక్షల దాకా. 70 కిలోమీటర్ల బస్సుకు పన్నెండున్నర లక్షలు. 40 కిలోమీటర్ల బస్సుకు 7 లక్షలు. ఈ మూడు అంకెలూ మీ బల్ల అద్దం కింద పెట్టుకోండి. కొటేషన్ వచ్చిన ప్రతిసారీ వాటితో పోల్చండి. ధరలు దిగుతున్న కాలం కాబట్టి ఏటా మే నెలలో మళ్లీ చూడండి.

ఈ లెక్కలో దాగిన నీతి ఒకటుంది. కొత్త ఇంధనాన్ని ముందు చిన్న రూటులో పెట్టి చూద్దాం అని చాలామంది అనుకుంటారు. జాగ్రత్తగా అనిపిస్తుంది కానీ, అది ఖరీదైన జాగ్రత్త. తక్కువ తిరిగే బస్సులో ఎంత మంచి ఇంధనమైనా డబ్బు మిగల్చలేదు. ఎక్కువ తిరిగే బస్సునే ముందు మార్చాలి. పాతబడింది చిన్న రూటు బస్సే అయినా సరే, కొత్త బస్సును పెద్ద రూటుకు వేసి, అక్కడున్న బస్సును చిన్న రూటుకు దించండి.

మూడో మెట్టు: ఇంధనాలను ఒక్కొక్కటిగా చూడండి

సీఎన్‌జీతో మొదలుపెడదాం. దీని కథ మనకంటే ముందు ఢిల్లీ చూసింది. ఎం.సి. మెహతా వేసిన కేసులో 1998 జులై 28న సుప్రీంకోర్టు, నగర బస్సులన్నీ 2001 మార్చి 31లోగా సీఎన్‌జీకి మారాలని చెప్పింది. గడువు వచ్చేసరికి బస్సులూ చాల్లేదు, గ్యాసు బంకులూ చాల్లేదు. డ్రైవర్లు గంటల తరబడి వరుసల్లో నిలబడ్డారు. చివరికి 2002 డిసెంబరు నాటికి డీజిలు సిటీ బస్సులు వెళ్లిపోయాయి. మార్పు మంచిదే అయినా, బంకు సంగతి తేల్చుకోకుండా బస్సు కొంటే ఏమవుతుందో ఆ రెండేళ్లు చూపించాయి.

కాబట్టి బస్సు షోరూంకు వెళ్లేముందు గ్యాసు బంకుకు వెళ్లండి. అక్కడ మూడు ప్రశ్నలు అడగండి. గ్యాసు పైపులైను ద్వారా వస్తుందా, లారీలో సిలిండర్లు తెచ్చి నింపుతున్నారా? లారీ మీద ఆధారపడిన బంకులో గ్యాసు తగ్గేకొద్దీ ప్రెషర్ పడిపోతుంది, మీ సిలిండరు సగమే నిండుతుంది. ఆటోల వరుస ఏ వేళల్లో ఉండదు? బడి బస్సు పొద్దున పది నుంచి మూడింటి దాకా ఖాళీ కాబట్టి ఆ వేళలో నింపుకోగలిగితే మీకు కలిసొస్తుంది. మూడోది, పెద్ద బస్సు వచ్చి తిరగడానికి చోటుందా?

బంకు దూరం కూడా లెక్కలో వేయాలి. మన 70 కిలోమీటర్ల బస్సులో 60 కిలోల గ్యాసు పడితే ఆరు రోజులకొకసారి నింపాలి. బంకు 10 కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఏడాదికి 37 సార్లు రానూపోనూ 20 కిలోమీటర్లు. మొత్తం 740 కిలోమీటర్ల ఉత్త ప్రయాణం, దాదాపు 9,500 రూపాయలు. ఏటా మిగులుతుందనుకున్న 51 వేలలో అయిదో వంతు దారిలోనే పోయింది. బంకు బస్సు రూటులోనే ఉంటే ఈ ఖర్చు సున్నా. అందుకే రావులపాలెం హైవే మీదుగా వచ్చే బస్సుకూ, లంక గ్రామం వైపు వెళ్లి వచ్చే బస్సుకూ ఒకే సమాధానం ఉండదు.

బయటి వర్క్‌షాపులో పాత డీజిలు బస్సుకు గ్యాసు కిట్ బిగించే ఆలోచన మానుకోండి. కంపెనీ నుంచే సీఎన్‌జీ బస్సుగా వచ్చినదే తీసుకోండి. సిలిండర్లకు మూడేళ్లకొకసారి నీటి ఒత్తిడితో చేసే హైడ్రో టెస్టు తప్పనిసరి. ఆ తేదీని ఇన్సూరెన్సు తేదీ పక్కనే రాసుకోండి.

ఇక కరెంటు బస్సు. మనకు దగ్గర్లో దీనికి మంచి ఉదాహరణ తిరుమల. 2022 సెప్టెంబరులో తిరుపతి నుంచి ఏపీఎస్‌ఆర్‌టీసీ కరెంటు బస్సులు మొదలయ్యాయి. ఒలెక్ట్రా కంపెనీ తయారుచేసిన ఈ బస్సులు ఘాట్ రోడ్డు ఎక్కి దిగుతున్నాయి. దిగేటప్పుడు బ్రేకు వేసినప్పుడల్లా కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. రూటు స్థిరం, రాత్రి నిలిచే డిపో స్థిరం, నిర్వహణ కంపెనీదే, ఆర్టీసీ కిలోమీటరు లెక్కన చెల్లిస్తుంది. కొండ మీదికి రోజంతా తిరిగే బస్సు కనుక కిలోమీటర్లు పడతాయి, కంపెనీకి గిట్టుబాటవుతుంది.

బడి బస్సుకు ఇందులో సగం కలిసొస్తుంది. రూటు స్థిరమే, రాత్రి నిలిచే చోటూ స్థిరమే. రోజుకు 70 కిలోమీటర్లకు బ్యాటరీ చాలదన్న భయమూ అక్కర్లేదు. కలిసిరానిది కిలోమీటర్లే. తిరుమల వాళ్లు చేశారని మనమూ చేద్దామనుకుంటే, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే. అద్దెకు, కిలోమీటరు లెక్కన బస్సు ఇస్తామని వచ్చే కంపెనీలతో మాట్లాడేటప్పుడు ఒక షరతు దగ్గర జాగ్రత్తపడండి. నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు డబ్బు కట్టాలని ఒప్పందంలో రాస్తారు. వేసవి, దసరా, సంక్రాంతి సెలవుల్లో మీ బస్సు కదలదు. ఆ నెలల సంగతి విడిగా రాయించుకోకపోతే, నిలబడ్డ బస్సుకు అద్దె కడతారు.

మరి కరెంటు బస్సు మన బళ్లకు పనికిరాదా? పనికొచ్చే చోటు ఒకటుంది. బడి కప్పు మీద సోలారు పలకలుంటే, బస్సు ఖాళీగా ఉండే వేళే ఎండ మండే వేళ. 70 కిలోమీటర్లకు 70 యూనిట్లు కావాలి. ఒక కిలోవాట్ పలకలు ఎండ బాగున్న రోజు నాలుగు యూనిట్ల చొప్పున ఇస్తాయి కాబట్టి 18 కిలోవాట్లు సరిపోతాయి. అయిదు గంటల్లో 70 యూనిట్లు ఎక్కించడానికి 14 కిలోవాట్ల చార్జరు చాలు. లక్షలు పోసి ఫాస్ట్ చార్జరు కొనక్కర్లేదు. త్రీ ఫేజ్ సర్వీసు, సరిపడా లోడు ఉన్నాయో లేవో ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో ముందే అడగండి.

ప్రభుత్వం ఇచ్చే వెసులుబాట్లు కొన్ని ఉన్నాయి. కరెంటు వాహనాల మీద జీఎస్టీ 5 శాతమే. డీజిలు బస్సు మీద 2025 సెప్టెంబరు 22 దాకా 28 శాతం ఉండేది, ఇప్పుడు 18 శాతం. అంటే ఆ తేడా కూడా కొంత తగ్గింది. 2018 అక్టోబరులో కేంద్రం బ్యాటరీ రవాణా వాహనాలకు పర్మిట్ అవసరం లేదంది. 2021 ఆగస్టు నుంచి రిజిస్ట్రేషన్ ఫీజూ లేదు. అయితే కరెంటు బస్సుల మీద కేంద్రం ఇస్తున్న పెద్ద సబ్సిడీలు నగరాల ప్రజా రవాణా కోసం ఉద్దేశించినవి. మీ బడికీ వస్తాయని ఎవరైనా నోటిమాటగా చెబితే, కాగితం మీద రాసివ్వమనండి.

కోనసీమలో ఇంకో జాగ్రత్త కూడా కావాలి. 1986 ఆగస్టు వరదను చూసినవారు ఇప్పటికీ ఊళ్లో ఉన్నారు. 2022 జులై వరద అందరికీ గుర్తుంది. చార్జరు, మీటరు, స్విచ్‌బోర్డు గోడ మీద ఎంత ఎత్తున పెట్టాలో ఎలక్ట్రీషియన్‌ను కాదు, 1986లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో తెలిసిన పెద్దవారిని అడగండి. వరద హెచ్చరిక రాగానే బస్సును ఏ మెరకకు తరలించాలో కూడా ముందే అనుకోండి. వేసవి సెలవుల్లో బ్యాటరీని నిండుగా పెట్టి వదిలేయకండి. సగానికి అటూ ఇటూ ఉంచి, అప్పుడప్పుడు చూసుకోవాలి.

మూడోది, కోనసీమ వారు తప్పక అడిగే ప్రశ్న: ఇంత కొబ్బరి ఉంది కదా, కొబ్బరి నూనెతో బస్సు నడవదా? నడుస్తుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజను వేరుశెనగ నూనెతో నడిచింది. ఫిలిప్పీన్స్ దేశం కొబ్బరి నూనె నుంచి తీసిన బయోడీజిల్‌ను డీజిలులో కలపాలని చట్టం చేసింది. 2007లో 1 శాతంతో మొదలుపెట్టి, 2009లో 2 శాతానికి, 2024 అక్టోబరు నుంచి 3 శాతానికి పెంచింది. గమనించండి, పెద్ద కొబ్బరి దేశమే పదిహేడేళ్లలో మూడు శాతానికి చేరింది. అదీ శుద్ధి చేసిన బయోడీజిల్, గానుగ నూనె కాదు. గానుగ నూనె తిన్నగా పోస్తే చిక్కదనం వల్ల ఇంజెక్టర్లు పూడుకుపోతాయి, చలికాలం తెల్లవారుజామున ట్యాంకులోనే గడ్డకడుతుంది. పైగా కొబ్బరి నూనె ధర డీజిలు కంటే ఎక్కువ. పిల్లల తలకు రాసే నూనెను బస్సుకు పోయక్కర్లేదు.

కాకినాడలో పెద్ద బయోడీజిల్ కర్మాగారం ఉంది. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిలులో 5 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టుకుంది. అది చమురు కంపెనీలు చూసుకునే పని. మీరు చేయకూడని పని మాత్రం ఒకటుంది. రోడ్డు పక్కన తక్కువ ధరకు బయోడీజిల్ పేరుతో దొరికే సరుకు పోయించకండి. ఇంజను చెడిపోతే కంపెనీ వారంటీ ఇవ్వదు.

మిగతావి త్వరగా ముగిద్దాం. ఇథనాల్ పెట్రోలు బళ్ల సంగతి, మీ డీజిలు బస్సుకు సంబంధం లేదు. అమెరికాలో చాలా జిల్లాల బడి బస్సులు ఎల్‌పీజీతో నడుస్తాయి, మన దగ్గర ఆటో ఎల్‌పీజీ చిన్న బళ్లకే. వంటింటి సిలిండరు బండికి పెట్టడం నేరం. హైడ్రోజన్ గురించి వచ్చే పదేళ్లలో మాట్లాడుకుందాం.

డీజిలే కొనాలని తేలినా ఒక సంగతి తెలుసుకోండి. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బస్సుల్లో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది పట్టిన మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి. ఊరూరా ఆగుతూ మెల్లగా వెళ్లే చిన్న రూటులో ఆ వేడి పుట్టదు. డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, డ్రైవరు పట్టించుకోడు, ఫిల్టరు పూడుకుపోతుంది, బిల్లు వాచిపోతుంది. వారానికొకసారి ఆ బస్సును రావులపాలెం హైవే మీద అరగంట ఒకే వేగంతో నడిపించండి. పొగను శుద్ధి చేయడానికి వాడే యాడ్‌బ్లూ ద్రవం కూడా నమ్మకమైన చోటే కొనండి.

నాలుగో మెట్టు: భయాన్ని మాట్లాడనివ్వండి

లెక్కలన్నీ సరిపోయి, సీఎన్‌జీ బస్సు కొందామనుకున్నారు. తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. వెనక బెంచీ నుంచి ఒకావిడ లేస్తుంది. "గ్యాసు బస్సంటే మాకు భయమండీ. నగరం గుర్తుంది కదండీ మీక్కూడాను."

ఇక్కడ చాలామంది పెద్దమనుషులు తప్పటడుగు వేస్తారు. నవ్వేసి, "అదేం లేదమ్మా, ఢిల్లీ అంతా గ్యాసు మీదే నడుస్తోంది" అనేస్తారు. ఆవిడ కూర్చుంటుంది. ఆవిడ భయం కూర్చోదు.

కోనసీమ భయానికి కారణముంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావిలో బ్లోఔట్ జరిగి, రెండు నెలలకు పైగా మంట ఆగలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ మంట చూసినవారు గ్యాసు అన్న మాట వినగానే ఉలిక్కిపడటం సహజం. ముందు ఆ సంగతి ఒప్పుకోండి. తర్వాత తేడా చెప్పండి. నగరంలో లీకైంది భూమిలో వేసిన పెద్ద గొట్టం. బస్సులో ఉండేది కొలత తెలిసిన గ్యాసు, దాదాపు 200 బార్ ఒత్తిడిని తట్టుకునేలా పరీక్షించిన సిలిండర్లు. ఆ గ్యాసులో వాసన కలుపుతారు కాబట్టి లీకు ముక్కుకు తెలుస్తుంది. గాలి కంటే తేలిక కాబట్టి పైకి పోతుంది. మీరు చేయాల్సింది కూడా ఉంది: బస్సు నిలిపే రేకుల షెడ్డుకు పైకప్పు దగ్గర గాలి పోయే సందు వదలండి, లేకపోతే గ్యాసు అక్కడే పోగుపడుతుంది. హైడ్రో టెస్టు తేదీని నోటీసు బోర్డు మీద పెట్టండి. అడిగినవారికి సిలిండరు మీది పలక చూపించండి.

ఏ ఇంధనమైనా నూటికి నూరు పాళ్లు భద్రం కాదని కూడా చెప్పండి. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర కాలిపోయిన ప్రైవేటు బస్సు గ్యాసుది కాదు, కరెంటుదీ కాదు. నిప్పు అంటుకున్నాక ప్రాణం కాపాడేది అత్యవసర ద్వారం. బడి బస్సుల్లో మంటను పసిగట్టి ఆర్పే ఏర్పాటు ఉండాలని కేంద్రం 2022లోనే నిబంధన తెచ్చింది. నెలకొకసారి పిల్లలతో వెనక తలుపు నుంచి దిగే సాధన చేయించండి. అలా చేయించే బడి మీద తల్లిదండ్రులకు కలిగే నమ్మకం ఏ రంగు కరపత్రంతోనూ రాదు.

అయిదో మెట్టు: కొనకుండా ఆదా చేయండి

అన్నిటికంటే చవకైన ఇంధనం, మీరు కాల్చకుండా మిగిల్చినది. నోటుపుస్తకంలోని అయిదో గడి చూడండి. బడి గేటు దగ్గర, గుడి మలుపు దగ్గర రోజుకు ఇరవై నిమిషాలు ఇంజను ఊరికే నడిస్తే ఏడాదికి 73 గంటలు. గంటకు లీటరు లెక్కన 73 లీటర్లు, ఏడు వేల రూపాయలు. అదొక్కటే కాదు, 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిలు పొగను క్యాన్సర్ కారకాల్లో మొదటి వర్గంలో చేర్చింది. గేటు దగ్గర నాలుగు బస్సులు ఇంజన్లు ఆపకుండా వరుసగా నిలబడితే ఆ పొగ పీల్చేది ఒకటో తరగతి పిల్లలే. వారి ముక్కులు పొగ గొట్టం ఎత్తుకు దగ్గరగా ఉంటాయి. గేటు దగ్గర ఇంజను ఆపాలన్న నియమం రేపటి నుంచే పెట్టవచ్చు, దానికి కొటేషన్ అక్కర్లేదు.

శనివారం రూటు మార్చండి, లేదా అరగంట ముందు బయలుదేరండి. సగం ఖాళీగా తిరుగుతున్న బస్సు ఉంటే పక్క బడితో మాట్లాడి ఒకే బస్సు వేయండి. పోటీ చదువులో ఉండనివ్వండి, కాలువ గట్టు మీద అక్కర్లేదు. పెద్ద తరగతుల పిల్లలకు ఆర్టీసీ పాసు సరిపోయే ఊళ్లు ఎన్ని ఉన్నాయో చూడండి.

మిగిలిన డబ్బును పిల్లల లెక్కలోకి మార్చి చెప్పండి. 70 కిలోమీటర్ల బస్సులో 40 మంది పిల్లలుంటే, సీఎన్‌జీ వల్ల ఏటా మిగిలే 51 వేలు ఒక్కొక్కరికి నెలకు 127 రూపాయలు, పది నెలల లెక్కన. అందులో సగమైనా బస్సు ఫీజులో తగ్గిస్తే, మీ నిర్ణయం వల్ల వచ్చిన లాభం తల్లిదండ్రుల చేతికీ అందుతుంది.

ఈ నెలలో చేయాల్సిన పనులు

1. ప్రతి బస్సుకూ నోటుపుస్తకం, రెండు వారాల లెక్క. శనివారాలు విడిగా.
2. ప్రతి రూటుకూ పటం: గట్టు రోడ్లు, తూములు, వరద నీరు వచ్చే పల్లాలు.
3. దగ్గరి సీఎన్‌జీ బంకుకు మీరే వెళ్లి, డ్రైవరును వెంటబెట్టుకుని, మూడు ప్రశ్నలు.
4. ఈపీడీసీఎల్ ఆఫీసులో లోడు సంగతి, కప్పు మీద ఎన్ని కిలోవాట్ల పలకలు పడతాయో కొలత.
5. ధరలో తేడాను ఏటా మిగిలే సొమ్ముతో భాగించి, వచ్చిన ఏళ్లు రాయడం.
6. తల్లిదండ్రుల సమావేశం, బస్సు కొనకముందే.
7. గేటు దగ్గర ఇంజను ఆపే నియమం, నెలకొక అత్యవసర ద్వారం సాధన.

ఈ ఏడూ చేశాక మన వాడపల్లి బడికి నా తీర్పు ఇది. బంకు దారిలోనే ఉంటే 130 కిలోమీటర్ల రూటుకు ఈ ఏడాదే కొత్త సీఎన్‌జీ బస్సు వేయండి. 70 కిలోమీటర్ల బస్సు వయసు మీరేదాకా డీజిలు మీదే నడపండి, ఈలోగా కప్పు మీద సోలారు పలకలు వేసుకోండి, దాని వంతు వచ్చేసరికి కరెంటు బస్సు ధర మీ అద్దం కింద అంకెకు దిగిందో లేదో చూడండి. 40 కిలోమీటర్ల రూటుకు కొత్త బస్సే వద్దు, పెద్ద రూటు నుంచి దిగిన బస్సు చాలు. మీ రూట్ల అంకెలు వేరైతే తీర్పూ వేరవుతుంది. అందుకే ఎవరి సలహా అయినా, ఇందులో రాసింది కూడా, మీ నోటుపుస్తకంలోని లెక్కతో సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి.